గంటల దారిలో ఏడు రోజులు

ఈ ప్రయాణానికి కారణం నా మనవరాలి నాలుగో తరగతి. కాలిఫోర్నియాలో ఆ తరగతి పిల్లలందరూ తమ రాష్ట్ర చరిత్ర చదువుతారు. అందులో స్పానిష్ మిషన్లది, అంటే స్థానికులను క్రైస్తవులుగా మార్చడానికి స్పెయిన్ పూజారులు కట్టిన ఆవాసాలది, పెద్ద పాఠం. చాలా ఏళ్ళపాటు ఆ పాఠం చక్కెర బిళ్ళలతోనో అట్టముక్కలతోనో ఒక మిషను బొమ్మ కట్టడంతో ముగిసేదట. కట్టేది అమ్మానాన్నలు, మార్కులు పిల్లలకు. ఆ బొమ్మల పని మానుకొమ్మని 2016లో రాష్ట్రం కొత్త పాఠ్య ప్రణాళికలో సూచించింది. మా అమ్మాయి ఊపిరి పీల్చుకుంది కానీ మనవరాలికి అంతకంటే కష్టమైన పని పడింది. మిషనులో బతికిన ఎవరిదైనా ఒక రోజును, నిద్రలేచినప్పటి నుంచి పడుకునే వరకు, రెండు పేజీల్లో రాయాలి.

"అమ్మమ్మా, నువ్వు కూడా మిషను హాస్టల్లోనే చదువుకున్నావు కదా, నీకు తెలుస్తుంది కదా?" అని అడిగింది.

గుంటూరు జిల్లాలో నేను పెరిగిన లూథరన్ హాస్టలెక్కడ, స్పెయిన్ రాజు పంపిన ఫ్రాన్సిస్కన్ సన్యాసులు కట్టిన మిషన్లెక్కడ! ఆ మాటే అనబోయి ఆగిపోయాను. రెండింటికీ ఒకటి మాత్రం ఉంది, గంట. తెల్లవారుజామున అయిదింటికి మా హాస్టల్లో రైలుపట్టా ముక్క మోగేది. లేవడానికి ఒకటి, ప్రార్థనకు ఒకటి, జావకు ఒకటి, బడికి ఒకటి. వంతులవారీగా ఆ గంట కొట్టేది ఆడపిల్లలమే.

ఫ్రీమాంట్‌లో మా అమ్మాయి ఇంటి నుంచి వసంతకాలం సెలవుల్లో బయల్దేరాం. విమానంలో దక్షిణాన శాన్ డియేగో చేరడం, కారు అద్దెకు తీసుకుని మెల్లగా ఉత్తరాదికి వస్తూ ఇంటికి చేరడం, ఇదీ అల్లుడు వేసిన లెక్క. 1769 నుంచి 1823 వరకు, దాదాపు 965 కిలోమీటర్ల పొడవునా కట్టిన మిషన్లు 21. "అన్నీ చూడలేం అత్తయ్యగారూ, మీ మోకాళ్ళను బట్టి ఎంచుదాం" అన్నాడు.

మొదటి రోజు: శాన్ డియేగో

ఊళ్ళోకి రాగానే నన్ను ఆశ్చర్యపరచినది మిషను కాదు, మిషను లాంటివన్నీ. బ్యాంకు, పెట్రోలు బంకు, చికెన్ దుకాణం, అన్నింటికీ తెల్లగోడలు, ఎర్ర పెంకులు, కమానులు. రోడ్డు పక్కన గొర్రెలకాపరి కర్రలా వంగిన ఇనుప స్తంభాలు, వాటికి వేలాడే గంటలు. పాత రాజమార్గానికి ఇవి గుర్తులట. మొదటి గంటను 1906లో మహిళా సంఘాల చొరవతో నిలబెట్టారు. అప్పటికి మోటారు కార్లు కొత్త. మిషన్ల మధ్య దారులు నిజంగానే ఉండేవి కానీ, ఈ తీర్చిదిద్దిన రాజమార్గంలో సగం విహారయాత్రికుల కోసం అల్లిన కలే.

1769 జూలై 16న హునిపెరో సెర్రా అనే సన్యాసి ఇక్కడ ఒక కొండమీద శిలువ నాటాడు. అప్పటికి ఆయనకు 55 ఏళ్ళు, కాలికి మానని పుండు. స్పెయిన్ దొరలకు అంత తొందర ఎందుకంటే, ఉత్తరం నుంచి రష్యావాళ్ళు దిగివస్తారనే భయం. ఆ తీరాన్ని నింపడానికి స్పెయిన్ దగ్గర మనుషులు లేరు. అందుకని అక్కడున్న మనుషులనే స్పెయిన్ ప్రజలుగా మార్చాలనుకున్నారు. మతం, వ్యవసాయం, నేత నేర్పి, పదేళ్ళలో భూమిని వాళ్ళకే అప్పగించి పూజారులు ముందుకు సాగిపోవాలన్నది కాగితం మీది మాట. పదేళ్ళలో అప్పగించిన మిషను ఒక్కటీ లేదు.

ఇప్పుడు కనిపించే తెల్లటి ముంగిలి, అయిదు గంటలు వేలాడే ఎత్తయిన గోడ ఉన్నది ఆ కొండమీద కాదు. నీళ్ళు చాలక, సిపాయిల పొరుగు పొసగక, 1774లో మిషనును లోయలోకి పది కిలోమీటర్లు జరిపారు. మరుసటి ఏడాది నవంబరులో ఒక రాత్రి అక్కడి స్థానికులైన కుమియాయ్ ప్రజలు వందల సంఖ్యలో వచ్చి దాన్ని తగలబెట్టారు. లూయిస్ హైమె అనే యువ పూజారి "దేవుణ్ణి ప్రేమించండి బిడ్డలారా" అంటూ వాళ్ళకు ఎదురు వెళ్ళాడని చెబుతారు. ఆయన ప్రాణం పోయింది. ఇంతవరకు పలకలమీద రాసి ఉంది. ఆ కుమియాయ్‌లు ఎందుకు వచ్చారో రాసిన అక్షరాలు మాత్రం చాలా చిన్నవి, నా కళ్ళజోడుకు అందలేదు. మనవరాలు చదివి చెప్పింది. పట్టుబడ్డవాళ్ళను చంపవద్దని సెర్రా మెక్సికోలోని రాజప్రతినిధికి ఉత్తరం రాశాడు. ఈ మనిషిని తేలిగ్గా తూచలేనని అప్పుడే అనిపించింది.

రెండో రోజు: శాన్ లూయిస్ రే, కాపిస్ట్రానో

శాన్ లూయిస్ రే పొద్దున్నే చేరాం. మిషన్లకు రాజు అని దీనికి పేరు. ముంగిట్లో ఎండలో మెరిసే తెల్లటి గోడ చూస్తే కళ్ళు చిట్లించుకోవాల్సిందే. లోపలి పెరట్లో ఒక ముసలి చెట్టుంది. 1830లో పెరూ నుంచి వచ్చిన గింజ నాటితే మొలిచిందట. మిరియాల చెట్టు అంటారు. మన మిరియం తీగకూ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. కానీ రాలిన ఆకు నలిపి వాసన చూస్తే చారు గుర్తొచ్చింది.

ఈ మిషనులో నాకు దొరికిన మనిషి పూజారి కాదు. పాబ్లో టాక్ అనే కుర్రవాడు, 1822లో ఇక్కడే పుట్టాడు. స్పెయిన్‌వాళ్ళు లూయిసేన్యోలు అని పిలిచిన జాతివాడు. తమను తాము వాళ్ళు పయోంకావిచుం అనుకుంటారు, పడమటివాళ్ళు అని. మిషను పూజారి ఆంటోనియో పెయ్‌రీ ముప్పై ఏళ్ళకు పైగా ఇక్కడుండి, 1832లో వెళ్ళిపోతూ తనతో ఇద్దరు పిల్లలను తీసుకెళ్ళాడు. వాళ్ళు చివరికి రోము చేరారు. అక్కడ పాబ్లో లాటిన్ చదివాడు. తన భాషకు వ్యాకరణం రాయడం మొదలుపెట్టాడు, తన మిషనులో జీవితం ఎలా ఉండేదో రాశాడు. తోటివాడు 1837లో పోయాడు. పాబ్లో 1841లో, ఇరవై ఏళ్ళు నిండకుండానే పోయాడు. ఆ కాగితాలు ఇటలీలోని బొలోన్యా గ్రంథాలయంలో ఉన్నాయి. కాలిఫోర్నియా మిషను జీవితాన్ని లోపలి నుంచి, అక్కడ పుట్టినవాడి చేత్తో చెప్పిన రాత ఇదొక్కటే అన్నంత అరుదు.

మిషను పూజారి రాజులాంటివాడని అతను రాశాడు. పరిచారకులు, మేస్త్రీలు, వాయిద్యగాళ్ళు, సిపాయిలు, తోటలు, గొర్రెలు, గుర్రాలు అంటూ వరసపెట్టి లెక్క చెబుతాడు. ఆ లెక్కలో గర్వం వినిపిస్తుంది, నిజమే. అదే చేత్తో ఇంకో లెక్క కూడా రాశాడు. తమ నేలమీద 5,000 మంది ఉండేవారనీ, ఒక జబ్బు వచ్చి 2,000 మంది పోయారనీ, 3,000 మంది మిగిలారనీ. దాని చుట్టూ ఒక్క విశేషణం లేదు.

మనవరాలికి నచ్చింది మాత్రం తోట కథ. మిషను తోటలో పండ్లు పూజారిని అడిగి తీసుకోవాలి, అడిగితే ఇస్తాడు, తండ్రి కదా అని పాబ్లో మర్యాదగా మొదలుపెడతాడు. తర్వాత అసలు సంగతికి వస్తాడు. ఒకడు ఆకలేసి తోటలో దూరి అంజూర చెట్టెక్కాడు. తొందరలో పెద్ద పండొకటి కొరక్కుండానే మింగాడు. గొంతుకు అడ్డం పడింది, కాకిలా అరిచాడు. తోటమాలి వచ్చి పైకి చూసి, కనిపించావులే రెక్కల్లేని కాకీ, రాళ్ళతో కొడతానుండు అన్నాడు. కాకి చెట్టు దిగి పరుగో పరుగు. కారులో ఈ కథ చెప్పుకుని ముగ్గురం నవ్వాం. అల్లుడు కాసేపాగి, "తోట ఎవరిది, అంజూరం ఎవరు నాటారు?" అన్నాడు. చిన్నప్పుడు మా హాస్టలు వెనక జామచెట్టుకూ ఒక కాపలావాడుండేవాడు. నేనూ ఒక రెక్కల్లేని కాకినే. ఆ సంగతి పిల్లకు చెప్పలేదు.

పల్లంలో మెట్లు దిగితే చాకిరేవు. చెక్కిన రాతి ముఖాల నోళ్ళలోంచి నీళ్ళు పడేవట, కింద బట్టలు ఉతికేవాళ్ళు, ఆ నీళ్ళే మళ్ళీ తోటకు పారేవి. ఒక్క చుక్క వృథా చేయని ఏర్పాటు.

సాయంత్రం శాన్ హువాన్ కాపిస్ట్రానో. ఏటా మార్చి 19న వానకోయిలలు తిరిగొస్తాయని ప్రసిద్ధి. మాకు మట్టిగూళ్ళు కనిపించాయి, పిట్టలు కనిపించలేదు. ఈమధ్య అవి రావడం తగ్గితే మనుషులే కృత్రిమ గూళ్ళు పెట్టి పిలుస్తున్నారట. అసలు నిలబడి చూడవలసింది విరిగిన రాతి చర్చి. 1797లో మొదలుపెట్టి తొమ్మిదేళ్ళు కట్టారు. 1812 డిసెంబరు 8 పొద్దున పూజ జరుగుతుండగా భూమి కంపించి కప్పు కూలింది. సుమారు 40 మంది పోయారు, అందరూ స్థానికులు. గోపురంలో గంటలు మోగిస్తున్న ఇద్దరు అబ్బాయిలు వాళ్ళలో ఉన్నారు.

ఇప్పుడు మిగిలింది సగం గుల్ల. ఆకాశం కనిపించే గర్భగుడి, పగుళ్ళలో గడ్డి. పక్కనే తక్కువ ఎత్తు గోడలో ఆ పాత గంటలు వేలాడుతున్నాయి. మనవరాలు వాటి దగ్గర చాలాసేపు నిలబడింది. గంట కొట్టేవాళ్ళు అందరికంటే ముందు లేవాలా అని అడిగింది. లేవాలని చెప్పాను. నోటుపుస్తకంలో ఏదో రాసుకుంది.

మూడో రోజు: శాన్ గాబ్రియల్ మీదుగా సాంటా బార్బరా

లాస్ ఏంజెలస్ రద్దీ గురించి రాయడం అనవసరం, అందరికీ ఒకటే అనుభవం. శాన్ గాబ్రియల్ చర్చి 2020 జూలైలో కాలిపోయి మళ్ళీ బాగుపడింది. మందపాటి గోడలు, కోటలాంటి ఊతాలు. 1785 అక్టోబరులో ఈ మిషనుమీద తిరుగుబాటు నడిపినవాళ్ళలో తొయ్‌పురీనా అనే స్థానిక టోంగ్వా జాతి యువతి ఒకరు. ఆమె మంత్రశక్తి గలదని జనం నమ్మేవారు. కుట్ర ముందే పొక్కింది, అందరూ పట్టుబడ్డారు. ఆమెను ఉత్తరాదికి బహిష్కరించారు. బాప్తిస్మం తీసుకుని, ఒక సిపాయిని పెళ్ళాడి, 1799లో శాన్ హువాన్ బౌతిస్తాలో చనిపోయింది. ఆ ఊరికి మూడు రోజుల తర్వాత వెళ్తాం.

సాంటా బార్బరా మిషను అందమైనది. జంట గోపురాలు, ముందు పచ్చిక, ఎదురుగా సముద్రం. 1786లో సెర్రా వారసుడు లాసుయెన్ స్థాపించాడు. ఫ్రాన్సిస్కన్లు నేటిదాకా వదలని చోటు. నేను మాత్రం వెనకవైపు శ్మశానానికి వెళ్ళాను, ఒక పలక కోసం. 1835లో శాన్ నికొలస్ ద్వీపంలో మిగిలిన జనాన్ని ఓడలో ఒడ్డుకు తెచ్చినప్పుడు ఒక స్త్రీ వెనక ఉండిపోయింది. 18 ఏళ్ళు ఒంటరిగా బతికింది. 1853లో దొరికినప్పుడు ఆమె ఒంటిమీద సముద్రపక్షుల ఈకలు కుట్టిన బట్ట ఉంది. సాంటా బార్బరాకు తెచ్చారు. ఆమె నవ్వేది, పాడేది, మాట్లాడేది. ఆ మాట అర్థమయ్యే మనిషి ఒక్కరూ దొరకలేదు. ఏడు వారాలకే చనిపోయింది. హువానా మరియా అన్నది పోయేటప్పుడు పెట్టిన పేరు.

ముప్పై నాలుగేళ్ళు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని. అర్థం చేసుకునేవాళ్ళు లేని భాష ఎలా ఉంటుందో ఊహించాలని చూశాను. చేతకాలేదు. అమ్మాయి వచ్చి భుజం తట్టి, ఇడ్లీలు దొరికే చోటు కనుక్కున్నామని చెప్పింది. వెళ్ళాం. ఇడ్లీలు గట్టిగా ఉన్నాయి.

నాలుగో రోజు: లా పురీసిమా

ఈ ఒక్క చోటూ చూసి వెనక్కి తిరిగినా ప్రయాణం దండగ కాదు. మిగతా మిషన్లు ఊళ్ళమధ్య చిక్కుకున్నాయి, ఇది లోయలో ఒంటరిగా ఉంది. 1787లో స్థాపించిన పాత మిషను 1812 డిసెంబరు 21 భూకంపంలో నేలమట్టమైతే కొన్ని కిలోమీటర్ల అవతల దీన్ని కట్టారు. అదీ శిథిలమైంది. 1930ల మాంద్యంలో పనిలేని యువకులను ప్రభుత్వం తెచ్చి, పాత పద్ధతిలోనే మట్టి తొక్కించి, పచ్చి ఇటుకలు పోయించి మళ్ళీ నిలబెట్టింది. ఇప్పుడిది చర్చి ఆస్తి కాదు, రాష్ట్రం నడిపే చారిత్రక ఉద్యానం. కొట్టంలో నాలుగు కొమ్ముల గొర్రెలున్నాయి. మనవరాలు లెక్కపెట్టి ఖాయం చేసింది.

పొడవాటి వసారాలో ఒక్కో గదీ ఒక్కో పని. మగ్గాల గది, చెప్పులు కుట్టే గది, కొవ్వొత్తుల గది. బయట పశువుల కొవ్వు కరిగించే పెద్ద తొట్లు. ఈ మిషన్ల సంపద బంగారం కాదు, తోళ్ళు, కొవ్వు. బోస్టన్ నుంచి ఓడలు వచ్చి ఎండిన తోళ్ళు కొనుక్కుపోయేవి. ఆ తోళ్ళతో అక్కడ బూట్లు కుట్టేవారు, కొవ్వుతో సబ్బు, కొవ్వొత్తులు చేసేవారు.

రోజు ఇలా సాగేది. తెల్లవారకముందు గంట, పూజ, ప్రార్థనలు వల్లెవేయడం. మళ్ళీ గంట, అతోలే. అంటే వేయించి విసిరిన ధాన్యంతో కాచిన జావ. మళ్ళీ గంట, పనులు. మగవాళ్ళకు దున్నకం, ఇటుకలు, పశువులు. ఆడవాళ్ళకు విసరడం, వడకడం, నేయడం. మధ్యాహ్నం గంటకు పోసోలే, గింజలూ చిక్కుళ్ళూ ఉంటే మాంసమూ కలిపి ఉడికించినది. కాస్త విశ్రాంతి, మళ్ళీ పని, సాయంత్రం ప్రార్థన, మళ్ళీ జావ. ఆ తర్వాత పడుకునే గంట. పండుగ రోజులు మాత్రం చాలా ఉండేవి, ఆటలూ పాటలూ ఉండేవి. ఓక్ కాయలు ఏరుకోవడానికో బంధువులను చూడడానికో ఏడాదికి కొన్ని వారాలు సెలవు దొరికేది. సెలవు దాటితే సిపాయిలు వెతుక్కుంటూ వచ్చేవారు. బాప్తిస్మం తీసుకున్నాక వదిలి పోయే హక్కు లేదు. పారిపోయి దొరికితే కొరడా, సంకెళ్ళు, కాళ్ళకు బొండకొయ్య.

మరి ఎందుకు వచ్చారు అని మనవరాలు అడిగింది. మంచి ప్రశ్న. మొదట్లో కొందరు పూసలకు, వింతకు, కొత్త దేవుడి శక్తికి వచ్చారు. తర్వాత ఆకలి తెచ్చింది. మిషను పశువులు కొండలనిండా మేసి, వాళ్ళు ఏరుకుని తినే గడ్డిగింజల మొక్కలను మిగలనివ్వలేదు. జబ్బులతో పల్లెలు ఖాళీ అయ్యాయి. పిల్లలో అన్నదమ్ములో మిషనులో ఉంటే మిగిలినవాళ్ళు ఎక్కడ ఉంటారు?

పెళ్ళికాని ఆడపిల్లల గది చూశాం. మోన్హెరియో అంటారు. ఎనిమిదేళ్ళు వచ్చిన పిల్లను తల్లిదండ్రుల దగ్గర నుంచి తెచ్చి ఇక్కడ ఉంచేవారు. రాత్రి బయట తాళం వేసి, తాళంచెవి పూజారికి అప్పగించేవారు. సిపాయిల నుంచి కాపాడటానికే అనేవారు, సిపాయిల ఆగడాలూ నిజమే. కానీ గాలి ఆడని గదిలో కిక్కిరిసి పడుకున్నవాళ్ళలో రోగాలు అంటుకున్నట్టు మరెక్కడా అంటుకోలేదు. మా హాస్టలు గదికి కూడా రాత్రి తాళం వేసేవారు, తాళంచెవి వార్డెనమ్మ కొంగుకు ఉండేది. అయినా వేసవికి మేం ఇంటికి పోయేవాళ్ళం, అమ్మ రేపల్లె స్టేషనుకు వచ్చేది. ఆ తేడా చిన్నది కాదు. గది మధ్యలో నిలబడి మనవరాలు, "నాకు తొమ్మిదేళ్ళు" అంది, అంతే.

1824 ఫిబ్రవరిలో ఇక్కడి స్థానికులైన చుమాష్‌లు తిరగబడ్డారు. పక్కనున్న సాంటా ఇనెస్‌లో ఒక సిపాయి లా పురీసిమా కుర్రవాణ్ణి కొరడాతో కొట్టడం నిప్పురవ్వ. అప్పటికి స్పెయిన్ పోయి మెక్సికో వచ్చి మూడేళ్ళు. సిపాయిలకు జీతాల్లేవు, వాళ్ళ తిండీ బట్టా మిషన్ల చాకిరీ నుంచే రావాలి. చుమాష్‌లు ఈ మిషనును పట్టుకుని దాదాపు నెలరోజులు తామే ఏలుకున్నారు. మార్చి 16న మాంటెరీ నుంచి ఫిరంగితో సైన్యం వచ్చింది. 16 మంది చుమాష్‌లు చనిపోయారు. లొంగిపోయాక మరో ఏడుగురికి మరణశిక్ష వేశారు. ఆ నెలరోజులు గంట మోగించారా, మోగిస్తే ఎందుకని నాకు అనుమానం. అడగడానికి ఎవరూ లేరు. గొర్రెలు మేస్తున్నాయి.

అయిదో రోజు: శాన్ మిగెల్

ఎక్కువగా దారిలోనే గడిచింది. శాన్ మిగెల్ చర్చిలోపలి రంగులు మాత్రం మరచిపోలేను. 1820ల తొలినాళ్ళలో ఎస్తెబాన్ మున్రాస్ అనే చిత్రకారుడు స్థానికులతో కలిసి వేసినవి. ఆ తర్వాత మళ్ళీ ఎవరూ పూయలేదు. నీలం, గులాబి, ఎరుపు. లేని స్తంభాలను ఉన్నట్టు చూపించే బొమ్మలు, పీఠం పైన కిరణాల మధ్య ఒక కన్ను. మున్రాస్ పేరు పలకమీద ఉంది. సున్నం కలిపి, రంగులు నూరి, నిచ్చెనలెక్కినవాళ్ళు "స్థానికులు".

ఆరో రోజు: కార్మెల్, శాన్ హువాన్ బౌతిస్తా

కార్మెల్ ధనవంతుల ఊరు, పూలకుండీల ఊరు. సెర్రా 1784 ఆగస్టు 28న ఇక్కడే పోయాడు. గర్భగుడి నేలకిందే సమాధి. ఆయన గది అని చూపించేదాంట్లో పలకల మంచం, దుప్పటి, గోడకు ఒక కొరడా. ఆ కొరడా తన వీపుకే. పాపాలకు పరిహారంగా తన్ను తాను కొట్టుకునేవాడు, ప్రసంగం మధ్యలో రాయితో రొమ్ము బాదుకునేవాడు. తనమీద దయలేని మనిషి ఇతరుల వీపులమీది కొరడాను తండ్రి దండన అనుకోవడంలో వింత లేదు. 2015 సెప్టెంబరులో పోపు ఫ్రాన్సిస్ వాషింగ్టన్‌లో ఆయనను పునీతుడిగా ప్రకటించాడు. కొన్ని రోజులకే ఎవరో ఇక్కడి విగ్రహాన్ని పడదోసి రంగు పూశారు. 2020లో ఇతర ఊళ్ళలో ఆయన విగ్రహాలను తాళ్ళుకట్టి లాగేశారు. మేం వెళ్ళేసరికి సమాధి దగ్గర ఒక ముసలావిడ మోకాళ్ళమీద ఉంది. నేను చెప్పులు సర్దుకుంటూ పక్కకు తప్పుకున్నాను.

1786లో లా పెరూజ్ అనే ఫ్రెంచి నావికుడు ఇక్కడికి వచ్చాడు. పూజారుల మంచితనాన్ని మెచ్చుకుంటూనే, ఇదంతా కరీబియన్‌లోని బానిసల తోటలా కనిపిస్తోందని బాధగా రాసుకున్నాడు. ఆడవాళ్ళు రాతిమీద ధాన్యం నూరడం చూసి అతని తోటి కెప్టెను ఓడలోని తిరగలిని మిషనుకు ఇచ్చేశాడు. దానితో నలుగురు స్త్రీలు నూరుగురి పని చేయగలరని లెక్క. ఆ నూరుడు రాయి ఇక్కడి ప్రదర్శనలో ఉంది. అచ్చం మన సన్నికల్లు, పొత్రం. నలుగురి కుటుంబానికి పచ్చడి నూరితేనే నాకు భుజం పట్టేసేది. వందల మందికి, రోజూ, జావ.

శ్మశానంలో స్థానికుల సమాధుల చుట్టూ నత్తచిప్పలు పేర్చారు. లోపలివైపు ఇంద్రధనుస్సు రంగుల్లో మెరిసే చిప్పలు. పేర్లు లేవు.

మధ్యాహ్నం శాన్ హువాన్ బౌతిస్తా. భూకంపాలు పుట్టించే శాన్ ఆండ్రియాస్ నేలపగులు అంచునే ఉంది, పక్కనే శ్మశానం. అందులో 4,000 మందికి పైగా స్థానికులున్నారు. తొయ్‌పురీనా జీవితం ముగిసింది ఈ ఊళ్ళోనే. చర్చి నేలలో పరిచిన ఇటుక పలకలమీద జంతువుల అడుగులు పడ్డాయి. ఎండబెట్టినప్పుడు రాత్రిపూట తొక్కిపోయినవి. మనవరాలు వంగి వంగి వెతికింది.

ఇక్కడ పనిచేసిన అర్రోయో దె లా క్వెస్తా అనే పూజారికి భాషల పిచ్చి. ఇక్కడివాళ్ళ ముత్సున్ భాషకు వ్యాకరణం రాశాడు, వాక్యాల సంకలనం కూర్చాడు. పాపాలు ఒప్పించడానికి, ప్రార్థన నేర్పడానికి రాసుకున్నవే అనుకోండి. ఆ భాష బాగా తెలిసిన చివరి మనిషి అసెన్సియోన్ సొలోర్సానో 1930లో చనిపోయింది. పోయేముందు, మంచంమీద ఉండే, ఒక భాషా పరిశోధకుడికి నెలలతరబడి మాటలు చెప్పింది. ఆమె చెప్పినవీ, ఆ పూజారి రాసినవీ కలుపుకుని ఇవాళ ముత్సున్‌లు తమ భాషను మళ్ళీ నేర్చుకుంటున్నారు. సాంటా బార్బరా పలక దగ్గర పట్టుకున్న గొంతు ఇక్కడ కాస్త వదిలింది. ఆ పూజారికి దండం పెట్టాలా వద్దా అని అమ్మాయితో వాదించుకున్నాం. తేలలేదు.

ఏడో రోజు: ఫ్రీమాంట్

ఇంటికి రెండు మైళ్ళ దూరంలో శాన్ హోసే మిషనుంది. 1797లో పెట్టినది. అమ్మాయివాళ్ళు ఇక్కడ ఇల్లు కొన్నది మంచి బడుల కోసం. చుట్టూ సగం మంది మనవాళ్ళే, కొండెక్కడానికి వెళ్తే తెలుగు వినిపిస్తుంది. ఏడేళ్ళలో మిషను లోపలికి మాత్రం వాళ్ళు ఒక్కసారీ వెళ్ళలేదు. 1868 భూకంపంలో అసలు చర్చి పోయింది, ఇప్పుడున్నది 1985లో పూర్తయిన ప్రతిరూపం. నార్సిసో దురాన్ అనే పూజారి ఇక్కడ ముప్పైమంది దాకా స్థానికులతో వాద్యబృందం నడిపాడు. ఈ మిషనులోనే ఎస్తనిస్లావ్ అనే నాయకుడు ఉండేవాడు. 1820ల చివర తనవాళ్ళతో వెళ్ళిపోయి, తిరిగి రానని కబురుపెట్టి, వెంటపడిన సైన్యాలతో పోరాడాడు. యోసెమిటీ వెళ్ళినప్పుడల్లా మేం దాటే స్టానిస్లాస్ నది అతని పేరుదే. అల్లుడు ఆ సంగతి విని, "ప్రతిసారీ అక్కడే కాఫీకి ఆగుతాం" అన్నాడు.

మెక్సికో ప్రభుత్వం 1833లో మిషన్లను పూజారుల చేతుల్లోంచి తీసేసింది. సగం ఆస్తి స్థానికులకు చెందాలన్నారు. చాలామటుకు భూములు పలుకుబడి గలవాళ్ళ పశువుల ఎస్టేట్లయ్యాయి. గంట ఆగింది, నేల మాత్రం తిరిగి రాలేదు.

చివరగా వాషింగ్టన్ బులెవార్డు పక్కన ఇక్కడి స్థానికులైన ఓలోనీల శ్మశానం దగ్గర ఆగాం. ఇళ్ళమధ్య ఒక ఖాళీ జాగా, కంచె, ఒక రాయి. దాదాపు 4,000 మంది ఇందులో ఉన్నారు. అమ్మాయి కారులోంచి దిగి చుట్టూ చూసి, "కూరగాయలకు ఈ దారినే వెళ్తాను" అంది. "పార్కేమో అనుకున్నాను."

రాత్రి మనవరాలు రాయడానికి కూర్చుంది. మోన్హెరియోలో ఉన్న పిల్ల గురించి రాస్తుందనుకున్నాను. కాపిస్ట్రానోలో గంట కొట్టిన అబ్బాయిని ఎంచుకుంది. కూలిన రోజు కాదట, దానికి ముందు రోజు. చీకట్లో మెట్లెక్కడం దాకా రాసి ఆగింది.

"అమ్మమ్మా, మీ హాస్టల్లో నీ వంతు వచ్చినప్పుడు నీకు నిద్ర వచ్చేదా?"

"రాత్రంతా పట్టేది కాదు. టైము దాటిపోతుందేమోనని."

"తాడు ఉండేదా?"

"తాడు కాదు, ఇనుప చువ్వ. చలికాలంలో చేతికి అంటుకుపోయేది."

"నువ్వు కొడితే అందరూ లేచేవాళ్ళా?"

"లేవాల్సిందే. తిట్టుకుంటూ లేచేవాళ్ళు."

పెన్సిలు ఆపి నావైపు చూసింది. "నీకు ఇష్టంగా ఉండేదా, గంట కొట్టడం?"

అబద్ధం చెప్పవచ్చు. ఏడు రోజులు ఇన్ని చూశాక కాదంటే బాగుంటుంది కూడా.

"ఉండేది" అన్నాను.

తల ఊపి, రాసుకుంది.